కాగితం కాపురం

మడత విప్పకుండా బాల్కనీలో వదిలేసిన ఆదివారం పేపరు బుధవారం కల్లా రంగు మారుతుంది. కొండాపూర్ కావచ్చు, గచ్చిబౌలి కావచ్చు, పడమటెండ తగిలే ఏ ఇంట్లోనైనా ఇది మామూలే. కేజీల లెక్కన తూకానికి పోయే పేపరు రంగు ఎవరికి కావాలి? కానీ తీసి కట్టలో పెట్టబోతూ మడత విప్పితే చూపు అక్కడే ఆగుతుంది. లోపలి సగం వచ్చిన రోజులాగే బూడిద కలిసిన తెలుపు. ఎండ తిన్న సగం గంధం పూసినట్టు లేత పసుపు. ఒకటే కాగితం, ఒకటే అచ్చు, పుట్టిందీ ఒకే రాత్రి. మరి ఈ రెండు సగాల్లో ఏది పాతది? ఇంకో చిత్రం కూడా ఉంది. పసుపెక్కిన సగాన్ని మడిచి చూస్తే విరగదు, పొడి రాలదు; పక్క సగం ఎంత మెత్తగా వంగుతుందో అదీ అంతే మెత్తగా వంగుతుంది. కంటికి ముసలిదైన కాగితం వేలికి ఇంకా పడుచుగానే ఉంది. కంటి మాట నమ్మాలా, వేలి మాట నమ్మాలా?

పాత కామిక్స్ సేకరించేవాళ్ల దగ్గర ఈ ప్రశ్నకు ధర ఉంది. 2013లో కామిక్ కాన్ మన హైటెక్స్‌కు వచ్చాక, సైబర్ టవర్స్ చుట్టూ ఉద్యోగాలు చేసే కుర్రకారుకు అమెరికా సంతల పరిభాష బాగానే ఒంటబట్టింది. అట్ట ఎలా ఉంది, వెన్ను నలిగిందా, పిన్నులు తుప్పు పట్టాయా అన్న వాటితో పాటు ‘పేజీలు వైటా, ఆఫ్ వైటా?’ అని అడగడం అందులో భాగం. 2000లో అమెరికాలో మొదలైన సీజీసీ అనే సంస్థ కామిక్‌ను పరీక్షించి, పదికి ఇంత అని మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి సీలు చేస్తుంది. పెట్టె మీది చీటీలో మార్కు ఒకచోట, పేజీల రంగు ఒకచోట. సేకర్తలు వాడే మెట్ల వరస స్థూలంగా ఇలా దిగుతుంది: వైట్, ఆఫ్ వైట్, క్రీమ్, ట్యాన్, అట్టడుగున బ్రిటిల్. తెలుపు, మాసిన తెలుపు, మీగడ, తోలు రంగు, చివరికి పెళుసు. ఆఖరి మెట్టు దగ్గర కాలు జారుతుంది చూడండి. పై నాలుగూ రంగులు. పెళుసు రంగు కాదే! మామిడికాయల్ని ఆకుపచ్చ, దోర, పసుపు అని వరసపెట్టి చివర్లో ‘పులుపు’ అన్నట్టుంది. కళ్లతో మొదలెట్టిన లెక్కను వేళ్లతో ముగించడం వెనక ఒక నమ్మకం దాగి ఉంది: రంగు ముదిరేకొద్దీ కాగితం బలహీనపడుతుందని, తెలుపంటే ఆరోగ్యమని. నా పేచీ అంతా ఈ నమ్మకంతోనే. పేజీ రంగు ఆ కాగితం ఎక్కడ కాపురం చేసిందో చెబుతుంది. దాన్ని మార్కులా చీటీ మీదకు ఎక్కించేసరికి ఆ చెప్పే మాట వినపడకుండా పోతుంది.

కాగితం లోపల జరిగేవి రెండు వేరు వేరు కథలు. 1844 ప్రాంతంలో జర్మనీలో కెల్లర్ అనే ఆయన చెక్కను తిరిగే రాతి మీద అరగదీసి గుజ్జు చేసే పద్ధతి కనిపెట్టాక చౌక కాగితం పుట్టింది; వార్తాపత్రికలకూ, వాటి వెనకే వచ్చిన కామిక్స్‌కూ అదే ఆధారం. అలా అరగదీసిన గుజ్జులో లిగ్నిన్ ఉండిపోతుంది. చెట్టును నిటారుగా నిలబెట్టే పదార్థం అది. వెలుతురూ గాలీ తగిలేకొద్దీ అది మారి రంగు తేలుతుంది. బాల్కనీ పేపరు పసుపెక్కడం చాలావరకు దాని పనే. పెళుసుదనం కథ వేరు. కాగితానికి బలం సెల్యులోజ్ పోగులది, అంటే పొడుగాటి గొలుసులది. ఆమ్లం ఆ గొలుసుల్ని తుంచుతుంది, తేమ అందుకు సాయపడుతుంది, వేడి తొందరపెడుతుంది. ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చింది? సిరా పాకకుండా గుజ్జులో పటిక, రోజనం కలిపే అలవాటు 19వ శతాబ్దం మొదట్లోనే వచ్చింది. ఆ పటిక కొంత తెచ్చింది, పాతబడుతూ కాగితం తనంతట తాను మరికొంత పుట్టించుకుంటుంది. అందుకే లిగ్నిన్ తీసేసిన మంచి కాగితం కూడా పటిక పుణ్యాన పెద్దగా రంగు మారకుండానే పెళుసుబారవచ్చు. పేపరు పసుపెక్కి కూడా వంగుతూనే ఉండవచ్చు. రెండు కథలూ తరచు కలిసే నడుస్తాయి, కాదనను. ఒకే ఇంట్లో ఉండే తోడికోడళ్లలాగ. అంతమాత్రాన ఒకరి మొహం చూసి ఇంకొకరి జ్వరం చెప్పగలమా?

తెలుపు నిజంగా దేనికి సాక్ష్యమో తెలియాలంటే సేకర్తలందరూ చెప్పుకునే ఎడ్గర్ చర్చ్ పెట్టెల్ని చూడాలి. కొలరాడోలోని డెన్వర్‌లో ఉండే ఈ వాణిజ్య చిత్రకారుడు బొమ్మలు వేసుకోవడానికి పనికొస్తాయని ఏళ్ల తరబడి కామిక్స్ కొని, ఇంట్లోనే బిగువుగా దొంతర్లు పేర్చాడు. 1977లో చక్ రొజాన్స్కీ అనే వ్యాపారి ఆ దొంతర్లు కొన్నాడు. 18,000కు పైగా పుస్తకాలు; వాటిలో చాలావాటి పేజీలు నిన్న అచ్చయినట్టు ఉన్నాయి. చర్చ్ కొన్న ప్రతులకూ ఇంకో ఊళ్లో పిల్లాడు కొన్న ప్రతులకూ కాగితంలో తేడా లేదు. అవీ అవే రీళ్లు, అవే యంత్రాలు. తేడా ఊరిది, ఇంటిది. డెన్వర్ సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉంది, అక్కడిది చల్లని పొడిగాలి. దొంతర బిగువు వల్ల పేజీల మధ్యకు గాలి దూరలేదు, చీకటి వల్ల లిగ్నిన్ నిద్ర లేవలేదు. 2014లో సూపర్‌మ్యాన్ మొదటి కథ ఉన్న 1938 నాటి యాక్షన్ కామిక్స్ తొలి సంచిక 32 లక్షల డాలర్లకు పోయింది. ఆ ప్రతికి 9.0 మార్కు, పేజీలు తెలుపు. అది కూడా ఎత్తైన చల్లని చోట దేవదారు పెట్టెలో పడి ఉన్నదేనని చెబుతారు. కాబట్టి కొన్నవాళ్లు డబ్బు పోసింది పుస్తకానికి ఎంతో, ఆ చల్లని ఇంటికీ అంతే. కాగితాన్ని కాపాడేవాళ్లకు ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: ఉష్ణోగ్రత 5 డిగ్రీలు తగ్గితే కాగితం ఆయువు సుమారు రెట్టింపవుతుంది. ఈ లెక్కను మే నెలలో 40 డిగ్రీలు దాటే హైదరాబాద్‌కు అన్వయిస్తే దిగులే మిగులుతుంది. డెన్వర్ తెలుపును కొలబద్దగా పెట్టుకుని మన అటకల మీది కాగితానికి మార్కులు వేయడం, సిమ్లా వాడితో పోల్చి రామగుండం వాడిని ‘నీకింత చెమటేమిటి’ అనడం లాంటిది.

మన దగ్గర ఈ ముచ్చటకు అసలైన సరుకు చందమామ. బొమ్మల కథల మాసపత్రికే గానీ అమెరికా అర్థంలో కామిక్ కాదని ఎవరైనా అనొచ్చు. సేకరించే చేతులకు ఆ తేడా పట్టదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక ప్రతి నెలా ఒకే అచ్చు యంత్రాల నుంచి బయల్దేరి, ఒకటి బందరు ఉప్పుగాలిలోకి, ఒకటి కరీంనగర్ పొడి వేడిలోకి, ఒకటి రైల్వే క్వార్టర్స్ ట్రంకు పెట్టెలోకి వెళ్లింది. ఒకే కాన్పు పిల్లలు వేరు వేరు ఇళ్లలో పెరిగినట్టు. ఈ పెంపకాల్లో తెలుగువాళ్లు చాలామంది చేసిన పని ఒకటుంది: బైండింగ్. పన్నెండు సంచికలు పోగవగానే ఊళ్లోని బైండర్ దగ్గరికి పంపడం, ఆయన అట్టలు చింపో చింపకో దారం కుట్టి, మూడు వైపులా అంచులు కోసి, కాలికో గుడ్డ అంటించి ఇవ్వడం. అమెరికా లెక్కలో ఇది మహాపాపం. అంచు కోసిన పుస్తకానికి మార్కు పాతాళంలోకి పోతుంది. అదే పుస్తకాన్ని నడిమధ్యకు తెరిచి చూడండి. కుట్టుకు దగ్గరగా, గాలి వెళ్లని లోతులో, కాగితం ఆశ్చర్యమనిపించేంత లేతగా ఉంటుంది. అక్కడి నుంచి అంచు వైపు వేలు జరిపితే మీగడ, గంధం, తేనె, బెల్లం అన్నీ ఒక పేజీలోనే వరసగా వస్తాయి. చర్చ్ దొంతర చేసిన పనినే బైండర్ దారం చేసింది. మార్కు చెడగొట్టిన చెయ్యే కాగితాన్ని కాపాడింది. ఇలాంటి పేజీకి ‘ఏ రంగు’ అని ఒక్క మాట రాయమంటే ఎక్కడ వేలు పెట్టి రాయాలి?

అసలు పుట్టినప్పుడు ఆ కాగితం ఎంత తెలుపు? ఈ ప్రశ్నను చీటీ రాసేవాళ్లు దాటేస్తారు. న్యూస్‌ప్రింట్ ఏ రోజూ పాలతెలుపు కాదు. పైగా మన దేశంలో పత్రికలకు దశాబ్దాల పాటు కాగితం కోటాల్లో వచ్చింది. 1962లో న్యూస్‌ప్రింట్ నియంత్రణ ఉత్తర్వు వచ్చింది, 1972లో ఆ కోటా విధానం మీద పెద్ద పత్రికలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచాయి. నేపానగర్ మిల్లు 1950ల నడుమ మొదలయ్యేదాకా దేశంలో న్యూస్‌ప్రింట్ తయారీయే లేదు, వచ్చేదంతా ఓడల మీదే. మన సిర్పూర్ మిల్లు నిజాం కాలంలో మొదలై ఒక ఊరికే కాగజ్‌నగర్ అని పేరు తెచ్చింది; అక్కడి వెదురు గుజ్జు కాగితానికీ విదేశీ చెక్క గుజ్జు రీలుకూ పుట్టుకలోనే రంగు వేరు, ముసలితనంలోనూ రంగు వేరు. కాబట్టి ఒకే పత్రిక రెండు ఏళ్ల సంచికలు పక్కపక్కన పెట్టినప్పుడు ముదురుగా ఉన్నది ఎక్కువ బాధలు పడిందా, లేక చామనఛాయలోనే పుట్టిందా అన్నది తేల్చకుండా ‘మాసింది’ అనెయ్యడం అన్యాయం. (తెలుపు మీద ఈ మోజు కూడా అంత పాతదేం కాదు. మన రాతప్రతుల కాగితానికి హరితాళం పూసి కావాలనే పసుపు చేసేవాళ్లు, పురుగు పట్టదని. మన పూర్వుల దగ్గర పసుపు కాగితం జాగ్రత్తకు గుర్తు.)

సరే, పుట్టుక తెలియకపోయినా ఇప్పటి రంగైనా సరిగ్గా చూడగలమా? ఐటీ కారిడార్‌లో చూపుకే ముందు పరీక్ష. ఆఫీసుల్లో, షాపుల్లో వేలాడేది నీలం వైపు మొగ్గే తెల్లటి ఎల్ఈడీ వెలుగు. దాని కింద మీగడ పేజీ తెల్లబడుతుంది. అదే పేజీ కాఫీ షాపు పసుపు బల్బు కింద తేనెలో ముంచినట్టుంటుంది. ఫోన్‌తో ఫొటో తీస్తే ఇంకా తమాషా. వెలుగులోని పసుపును సరిచేయడానికి పెట్టిన లెక్క ఏది వెలుగు పసుపో ఏది కాగితం పసుపో తేల్చుకోలేక, రెండింటినీ కలిపి తుడిచేస్తుంది. పాత పుస్తకాల బేరం ఇవాళ ఎక్కువగా ఫొటోల మీదే నడుస్తోందని గుర్తుపెట్టుకుంటే ఇది చిన్న సంగతి కాదు. పక్క రంగు ప్రభావం ఇంకొకటి: చుట్టూ తెల్ల కాపీయర్ కాగితం ఉంటే పాత పేజీ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. ఆ కాపీయర్ తెలుపు కూడా దొంగ తెలుపే. ఇప్పటి చాలా కాగితాల్లో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలను మింగి నీలంగా వెలిగే రసాయనాలు కలుపుతారు. 1950ల నుంచే అవి కాగితంలో విరివిగా చేరాయి. అందుకే బ్లాక్‌లైట్ కింద 1947 నాటిదని చెప్పే పేజీ నీలంగా మెరిస్తే అనుమానించాలి. ఆ పేజీ తర్వాతి కాలంలో చొప్పించింది కావచ్చు. ఇక్కడ తెలుపే దోషి.

తెలుపును తయారు చెయ్యనూ వచ్చు. రసాయనాలతో ఉతికి తేల్చిన పేజీలు సంతలోకి వస్తాయనే కదా, మరమ్మతు జరిగిన కామిక్‌కు సీజీసీ వేరే రంగు చీటీ పెట్టింది. శుభ్రమైన నీటిలో జాగ్రత్తగా కడిగితేనే కాగితంలోని పసుపు కొంతవరకు కరిగిపోతుంది. భద్రపరిచే నిపుణులు చేసే పనుల్లో అదొకటి. అజాగ్రత్తగా తడిస్తే దీనికి తలకిందులు. తడి ఆగిపోయిన గీత దగ్గర ఆ పసుపంతా పోగై గోధుమ రంగు మరకగా మిగులుతుంది. 2000 ఆగస్టు వానలకు హైదరాబాద్ మునిగినప్పుడు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ పుస్తకాలు నీళ్లపాలయ్యాయి. అలా తడిసి ఆరిన ఏ పుస్తకం తీసినా ఆ గీతలు కనిపిస్తాయి: గీతకు ఈవల తేట, ఆవల ముదురు. రంగు ఒకచోట కుదురుగా ఉండేది కూడా కాదు, నీళ్లతో పాటు నడుస్తుంది.

ఇంత చెప్పినా వ్యాపారి ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఆయన అభ్యంతరం బలమైనది: ‘కొనేవాడు న్యూజెర్సీలో, అమ్మేవాడు కూకట్‌పల్లిలో. ముట్టుకోకుండా కొనాలంటే ఒక మాట కావాలి. ఆ మాట నూటికి నూరుపాళ్లు సరిపోనక్కర్లేదు, ఎక్కువసార్లు సరిపోతే చాలు. ముదురు గోధుమ రంగు పేజీ ఎక్కువసార్లు పెళుసే కదా?’ అవును, ఎక్కువసార్లు పెళుసే. చెక్క గుజ్జు కాగితాన్ని మాత్రమే తీసుకుని, కిందనున్న మెట్ల దగ్గర చూస్తే కంటి మాటా వేలి మాటా దాదాపు ఒకటవుతాయి. నేను ఒప్పుకోనిది పైమెట్ల దగ్గర. వైట్‌కూ ఆఫ్ వైట్‌కూ మధ్య, ఆఫ్ వైట్‌కూ క్రీమ్‌కూ మధ్య ధరలో కనిపించే దూరానికి కాగితం బలంలో అంత దూరం లేదు. ఆ మెట్ల మీద తేడా చూపించేది బల్బూ, పుట్టుకా, ఊరూ. రెండో చిక్కు ఇంకా పెద్దది, కొంత నవ్వు తెప్పించేది. సీలు వేసిన పెట్టెలో అట్ట కనిపిస్తుంది, వెన్ను కనిపిస్తుంది, పిన్ను తుప్పు కనిపిస్తుంది. కనపడనిది పేజీ ఒక్కటే. మార్కును అనుమానిస్తే పైనుంచి చూసి వాదించవచ్చు. పేజీ రంగును చీటీ మాట మీద నమ్మాల్సిందే. చీటీ రాసిన రోజు నిజమే కావచ్చు. కానీ కాగితం ఆ రోజుతో ఆగిపోదు కదా? పెట్టెలో ఆమ్లాన్ని పీల్చే కాగితం ముక్కలు పెడతారన్న సంగతే చెబుతోంది, లోపల పని సాగుతూనే ఉందని. అమెరికాలో చల్లని గదిలో ‘వైట్’ అనిపించుకున్న పెట్టె గచ్చిబౌలి ఇరవయ్యో అంతస్తులోకి వచ్చి, రాత్రి ఏసీ, పగలు బిగించిన అద్దాల వేడి, మళ్లీ రాత్రి ఏసీ అన్న వరసలో పదేళ్లు గడిపితే చీటీ మీద మాట మారదు. మారింది చూడాలంటే పెట్టె పగలగొట్టాలి, పగలగొడితే మార్కు పోతుంది.

మరి ఏం రాయాలి అంటారా? రంగును రాయొద్దని అనడం లేదు, ఒంటరిగా రాయొద్దంటున్నా. కుట్టు దగ్గర ఒక రంగు, నడిమిన ఒకటి, అంచున ఒకటి రాస్తే ఆ మూడింటి మధ్య దూరమే చరిత్ర. మధ్య తెలుపు, అంచు బెల్లం అయితే గాలి తగిలిన చోట పడిన దెబ్బ. అంతటా ఒకే మీగడ అయితే బహుశా పుట్టుకే అది. అట్టకు దగ్గరి నాలుగు పేజీలే ముదురైతే అట్టనుంచో పక్కనున్న పుస్తకంనుంచో సోకిన ఆమ్లం. పగటి నీడ వెలుతురులో, ఏ కాగితం పక్కన పెట్టి చూశారో చెబుతూ రాయాలి. తర్వాత వేలు, చెవి, ముక్కు. అంచు మూల మడిచి విరిగిందా లేదా చూసే మొరటు పరీక్ష ఎవరి పుస్తకం మీదా చేయొద్దు. పేజీ తిప్పినప్పుడు వచ్చే చప్పుడు చాలు. మెత్తని కాగితం గుసగుసలాడుతుంది, పెళుసుది చిటపటమంటుంది. వాసన మాటకు నవ్వేవాళ్లుంటారు. 2009లో లండన్‌లో మతియా స్ట్రిలిచ్ బృందం పాత పుస్తకాల నుంచి గాలిలోకి లేచే పదార్థాల్ని కొలిచి, కాగితం లోపలి స్థితికీ ఆ వాసనకూ సంబంధం ఉందని చూపించింది. ట్రంకు పెట్టె తెరవగానే కలరా ఉండల ఘాటు కింద తియ్యగా, కొద్దిగా పుల్లగా తగిలే ఆ వాసన ఒక కొలతే. ఇంతా చేసి రాసే చీటీ ఒక్క మాటలో ఇమడదు, నాలుగు వాక్యాలవుతుంది. వ్యాపారానికి నాలుగు వాక్యాలు బరువా? స్థలం పత్రం రాసేటప్పుడు నాలుగు వైపులా హద్దులు రాస్తాం గదా, ఎవరూ బరువనరు.

ఇప్పుడు చందమామ ఎక్కువమంది చేతుల్లోకి వచ్చేది కాగితంగా కాదు, స్కాన్ చేసిన ఫైలుగా. పాత సంచికల్ని ఓపికగా స్కాన్ చేసి పంచుకున్నవాళ్లకు తెలుగు పాఠకులు రుణపడి ఉన్నారు. అయితే ఫైలు తయారయ్యేటప్పుడు ‘ఆటో లెవెల్స్’ అనే ఒక్క నొక్కుతో పేజీ నేపథ్యం తెల్లబడుతుంది. కాగితం పసుపుతో పాటు చందమామ చిత్రకారుడు వడ్డాది పాపయ్య రంగుల్లోని పసుపూ కొంత పోతుంది. ఆ పత్రికకే బొమ్మలు వేసిన చిత్ర, శంకర్ల గీతల కింద ఉండే మెత్తని నీడ గట్టిపడుతుంది. బొమ్మ ఏ కాగితం మీద ఊపిరి పోసుకుందో ఆ కాగితాన్ని వెనక నుంచి తీసేసినట్టు. ఆ రంగుల్ని రేపెవరైనా సరిచేయాలనుకుంటే పుట్టుకనాటి తెలుపు ఎంతో తెలియాలి. అది మిగిలి ఉండేది ఒకే చోట, కుట్టు లోతులో, పేజీ వంగి నీడలోకి పోయే ఆ అరంగుళంలో. కాపురం ఎలా సాగిందో తెలిసేది దానికి ఎదురుగా, బెల్లం రంగు తేలిన బయటి అంచులో. స్కాన్ చేసేవాళ్లు పేజీ నీటుగా రావాలని ముందు కత్తిరించేసేది సరిగ్గా ఆ రెండు చోట్లనే.